కత్తెర పట్టుకునే ముందు

కొత్త హార్డ్‌డిస్కు బిగించి స్విచ్చి వేస్తే మా కంప్యూటర్ దాని వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తెర మీద పాత డిస్కు పేరు వచ్చి కూర్చుంది గానీ కొత్తదాని జాడే లేదు. మా కోడలు నవ్య హాల్లో నేల మీద డబ్బా పక్క రేకు ఊడదీసి, చేతిలో స్క్రూడ్రైవర్‌తో, ముక్కు మీద దుమ్ముతో నా వైపు చూసి, "ఇది డెడ్ పీస్ అత్తమ్మా. డిటెక్టే అయితలేదు. వాపస్ పంపిద్దాం" అంది. నవ్యది పాలమూరు. వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. ఆ పనిలో ఆమెను మించినవాళ్ళు లేరని మావాడు గొప్పలు పోతుంటాడు గానీ, కంప్యూటర్ పొట్ట విప్పి చూడడం ఆమెకూ అదే మొదలు. ఇక నా సంగతి సరేసరి, జన్మంతా బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. అయినా ఊరుకోకుండా, "కొత్తదాన్ని తిట్టద్దు పాపా, దాన్ని కట్టినోళ్ళ చేతులు చూడు" అన్నాను. అనేశాక నేనే ఉలిక్కిపడ్డాను. ఆ మాట నాది కాదు, ఆ యాసా నాది కాదు. అది మా పెద్దమ్మ మాట. ఇన్నేళ్ళూ నాలో ఎక్కడ దాక్కుందో, కాడుగోడిలో అపార్ట్‌మెంటు హాల్లో, ఆదివారం పొద్దున, కాఫీ గ్లాసులు కడగకముందే బయటికొచ్చింది.

ఇంతకీ ఆ పాత డిస్కులో ఏముందో చెప్పాలి. కంప్యూటర్ నడవడానికి లోపల వేరే చిన్న డిస్కు ఉంది. ఇది ఇంటి సామానంతా పడేసుకునే అటక లాంటిది. ఫొటోలు, పెళ్ళి వీడియోలు, మావాడి చదువు కాగితాలు అన్నీ అందులోనే. కొన్నాళ్ళుగా అది లోపల టిక్కు టిక్కుమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. కాడుగోడి మార్కెట్లో రిపేరు షాపతను చెవి ఆనించి విని, "దీని పని అయిపోతా ఉండాది మేడమ్. బేగ కాపీ చేసుకోండి" అన్నాడు. ఫొటోలకు నేనంత భయపడలేదు, అవి నలుగురి ఫోన్లలోనూ ఉన్నాయి. నా భయమంతా ఒక్కదాని గురించే. పెద్దమ్మ పోయే ముందు మా ఇంట్లో కొన్నాళ్ళు ఉంది. ఆ రోజుల్లో ఒక పొద్దున ఆమెను కూర్చోబెట్టి, మామిడిపిందెల అంచు ఒకటి నోటితో చెప్పించి ఫోన్లో రికార్డు చేశాను. తర్వాత ఆ ఫోను బట్టలు నానబెట్టిన బకెట్లో పడి చచ్చింది. అంతకుముందే కంప్యూటర్లోకి ఎక్కించి ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఆ డిస్కు పోతే పెద్దమ్మ గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

అంచును నోటితో చెప్పడమేమిటని నవ్య కూడా అడిగింది. మాది నేతపని ఇల్లు. తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి వచ్చి నగర్తపేటలో ఒక సందులో స్థిరపడ్డారు. ఆ సందులో ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఒత్తిగిలి నిలబడాల్సిందే. కింది గదిలో మగ్గం, దాని వెనక వంటిల్లు, పైన పడకలు. మా నాన్నా, ఆయన అన్న పెద్దనాయనా కలిసే ఉండేవాళ్ళు. పెద్దనాయన పట్టుచీరలు నేసేవాడు. ఆయన భార్యే మా పెద్దమ్మ, ఆమె పని అట్టలు. మగ్గం మీద జకార్డు అనే ఇనప చట్రం ఉంటుంది, దానిలోంచి బెజ్జాలు కొట్టిన అట్టలు ఒకదాని వెనక ఒకటి దండలా తిరుగుతూ ఉంటాయి. బెజ్జం ఉన్నచోట పడుగు దారం, అంటే నిలువు పోగు, పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్కో అట్ట ఒక్కో వరస. అలా వరస మీద వరస పడి చీర అంచులో నెమలో మామిడిపిందో తేలుతుంది. ఆ బెజ్జాలు కొట్టేదీ, అట్టలను దారంతో వరసగా కుట్టేదీ, చిరిగితే మార్చేదీ అంతా పెద్దమ్మే. "అయితే హార్డ్‌డిస్కు మీ ఇంట్ల అప్పట్నుంచే ఉన్నదన్నట్టు" అంది నవ్య. పిల్ల అన్న మాట నాకు భలే నచ్చింది.

అట్టలు కొట్టే రోజు ఇంట్లో పద్ధతే వేరు. పెద్దమ్మ కాళ్ళు కడుక్కుని, ముడి బిగించుకుని, బుగ్గన లవంగం పెట్టుకుని చాప మీద కూర్చునేది. ఇక ఆ చాప దాటడానికి ఎవరికీ హక్కు లేదు, పెద్దనాయనకైనా సరే. గళ్ళ కాగితం మీద గీసిన బొమ్మను చూసి పైకి చదవడం నా పని. "రెండు వేయి" అని నేనంటే, ఆమె బెజ్జాలు కొట్టి "వేసినా" అనాలి. "మూడు విడువు" అంటే "విడిచినా" అనాలి. ఆ బదులు వినకుండా నేను ముందుకు పోకూడదు. ఒక్కోసారి ఆమె బొమ్మను తలలోంచే చెప్పేది, అప్పుడు దాన్ని గళ్ళ కాగితం మీద దించుతూ బదులు చెప్పడం నా వంతు. సందులో తోపుడుబండి గడగడమంటూ పోతే ఇద్దరం ఆగిపోయేవాళ్ళం. బండి పోయాక ఆమె, "యాడున్నాం పాపా?" అని అడిగి, నేను చెప్పింది విని, మళ్ళీ మొదలుపెట్టేది. మాట అన్నాక బదులు రాకపోతే ఆ మాట ఇంకా పూర్తి కానట్టే ఆమెకు. అట్టల దగ్గరే కాదు, అన్నిటికీ అంతే. స్నానానికి నీళ్ళు తోడాను అన్నా ఊఁ అనాలి, పాలు దించాను అన్నా ఊఁ అనాలి. అనకపోతే వచ్చి మొహంలో మొహం పెట్టి మళ్ళీ చెప్పేది. మా అమ్మ విసుక్కునేది గానీ ఆ ఇంట్లో పాలు పొంగడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ గది వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. కొత్త అట్టల పొడి వాసన, పడుగుకు పెట్టిన గంజి, జకార్డుకు వేసే నూనె, వెనక నుంచి మా అమ్మ కాచే హుళిసారు అనే పప్పుపులుసు. మధ్యాహ్నం రాగిముద్దలు కలిపే వేళకు ఇవన్నీ ఒకటైపోయేవి. పెద్దనాయనకు కోపం ముక్కు మీదే. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకుని నేసేవాడు, కొత్తది కొనుక్కోమంటే కస్సుమనేవాడు. చెయ్యి మాత్రం బంగారం. అడ్డపోగు వేసే నాడె విసిరితే ఆ చప్పుడు తప్పకుండా ఒకే తూకంలో పడుతుండేది. ఆ చప్పుడు ఆగిందంటే సందు సందంతా ఏమైందని చూసేది.

ఒకరోజు అలాగే ఆగింది. ముహూర్తం చీర మగ్గం మీదుంది. పెళ్ళికూతురి మేనమామ వచ్చి, చీర చేతికి వస్తే గానీ కదలనని అరుగు మీద కూర్చున్నాడు. అంతకుముందు రోజే నెమలి అంచులో ఒక అట్ట చిరిగితే పెద్దమ్మ కొత్తది కొట్టి దండలో కుట్టింది. పొద్దున పెద్దనాయన నేస్తూ నేస్తూ చూస్తే నెమలి మెడ దగ్గర ఒక గీత పక్కకు తప్పింది, మెడ విరిగిన నెమలిలా ఉంది. ఇంకేముంది, ఆయన మగ్గం గుంటలోంచి లేచి, "పాత అట్ట ఉన్నన్నాళ్ళు బాగనే ఉండె. నీ కొత్త అట్ట వచ్చి నా చీర నాశనం చేసింది. పెరికి పారెయ్!" అని ఇల్లెగిరేలా అరిచాడు. అరుగు మీద మేనమామ తల పట్టుకున్నాడు. మా అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి మళ్ళీ లోపలికి పోయింది. నాకైతే ఏడుపొకటే తక్కువ.

పెద్దమ్మ మాత్రం కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "కొత్తదాన్ని తిట్టద్దయ్యా. దాన్ని కట్టినోళ్ళ చేతులు చూడాల. అంటే నావే" అంది. ముందు చిరిగిన అట్టనూ కొత్త అట్టనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఎదురుగా పట్టుకుంది. బెజ్జాల్లోంచి వెలుగు తేటగా ఇవతలికి వచ్చింది, ఒక్కటీ మూసుకోలేదు. "కొట్టిండేది సరిగ్గానే ఉండాది" అని ఒక అనుమానం పక్కన పెట్టింది. తర్వాత జకార్డులో సూదులన్నీ వేలితో తట్టి చూసింది. "ఇదీ సరిగ్గానే ఉండాది." పెద్దనాయన అటు అట్టా మార్చు, ఇటు సూదీ మార్చు అని తొందరపెడుతుంటే, "రెండూ ఒకేసారి మారిస్తే తప్పు యాడుండాదో నాకెట్ల తెలిసేది? సల్పసేపు ఊరుకోండప్పా" అని చివరికి కుట్టు దగ్గరికి వచ్చింది. అట్టల మూలల్లో పెన్సిలుతో గుర్తులు ఉంటాయి, అన్నీ పైకి కనిపించాలి. కొత్త అట్ట గుర్తు కిందికి ఉంది. అట్ట తిరగబడింది, అంతే. "నేనే తిరగేసి కుట్టినా" అని ఆమె పకపకా నవ్వింది. సిగ్గుపడలేదు, సాకు చెప్పలేదు. తప్పు దొరికినందుకు అంత సంతోషించే మనిషిని ఆ తర్వాత నేను మళ్ళీ చూడలేదు.

అయితే నేను అసలు చెప్పాలనుకున్నది ఆ తర్వాత ఆమె చేసిన పని. తిరగబడిన అట్టను విప్పాలంటే దండను దించి నేల మీద పరచి, కుట్టు దారం కత్తెరతో కోయాలి. గదిలో దూలానికి ఇంకా చాలా దండలు వేలాడుతుండేవి, చూడడానికి అన్నీ ఒకేలా ఉండేవి. కత్తెర ముట్టుకునే ముందు ఆమె బాగున్న దండలన్నీ నా చేతికిచ్చి, "లోపల పెట్టొచ్చేయ్ పాపా" అంది. వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి, తలుపు దగ్గరికేసి రావాలి. "లోపల పెట్టొచ్చినావా?" అని అడుగుతుంది, "పెట్టొచ్చినా పెద్దమ్మా" అనాలి. అప్పుడే కత్తెర తీసేది. ముహూర్తం ముంచుకొస్తోంది, ఆయన గోల పెడుతున్నాడు, అయినా ఆ పని మాత్రం మానలేదు. ఎందుకని నేను అడిగితే, "కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఒకసారి బాగుండే దండనే కోసేసినా పాపా. మీ జేజి, అంటే మా అత్త, ఒక్క మాట అనలే. అందుకే ఇంకా బాధ. కత్తెర చేతిలో ఉంటే నాకు అన్నీ ఒకటే మాదిరి కనపడతాయి. అందుకని కోయగూడనిది కంటికే కనపడకుండా పెట్టేస్తా" అంది. నెమలి మెడ నిటారుగా నిలబడింది. చీర వేళకే పోయింది.

ఇదంతా నేను నవ్యకు చెబుతూనే ఉన్నాను, ఆమె వింటూనే పని చేస్తోంది. "మేం కోడ్‌ల గూడ గిట్లనే చేస్తం అత్తమ్మా, ఒకసారికి ఒకటే మారుస్తం. డబ్బా విప్పంగనే మర్చిపోయిన" అని నవ్వింది. చెయ్యి ఆనించి చూడమన్నాను. కొత్త డిస్కు చల్లగా కదలకుండా ఉంది, అంటే దానికి కరెంటే అందడం లేదు. స్విచ్చి తీసి, కరెంటు వైరు ఒక్కటే వేరే కొసకు మార్చింది. స్విచ్చి వేసి వేళ్ళు ఆనించగానే, "తిరుగుతున్నది అత్తమ్మా!" అని కేక పెట్టింది. నేనూ వంగి చెయ్యి పెట్టాను, సన్నగా వణుకు తెలిసింది. కానీ తెర మీద ఇంకా రాలేదు. మళ్ళీ స్విచ్చి తీసి, ఈసారి పల్చటి ఎర్ర వైరు దగ్గరికి వచ్చాం. అది డిస్కుకు సరిగ్గానే ఉంది గానీ బోర్డు వైపు సగమే దిగి ఉంది. నవ్య బొటనవేలితో నొక్కితే టక్కుమంది. "నేనే సగం పెట్టిన" అంది, నవ్వుతూనే. ఆ నవ్వు నాకు తెలిసిందే.

ఈసారి స్విచ్చి వేయగానే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. కొత్త డిస్కును వాడుకోవాలంటే ముందు సిద్ధం చేయాలట, చేయమంటారా అని. కింద ఓకే బటన్. "వచ్చేసింది! ఓకే కొట్టనా?" అని నవ్య మౌసు మీద వేలు పెట్టింది. నేను కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వంగాను. ప్రశ్న కింద ఒకటి కాదు, రెండు వరసలున్నాయి. రెంటికీ టిక్కులు ముందే పెట్టి ఉన్నాయి.

"రెండెందుకున్నాయి పాపా? మనం కొన్నది ఒకటేగా?"

నవ్య మొహంలో రంగు పోయింది. "అమ్మో! పాతది గూడ దీంట్ల వచ్చింది అత్తమ్మా. సరిగ చదవరాక దాన్నీ ఖాళీ డిస్కనుకుంటున్నది. ఓకే కొట్టి ఉంటే రెండిటినీ కొత్తవాటి లెక్క చేస్తుండె." మౌసు మీంచి చెయ్యి తీసేసి వెనక్కి జరిగింది. ఒక టిక్కు తీసేస్తే సరిపోతుంది, కానీ ఏది తీయాలి? రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి. వరసల పక్కన ఒకటి, రెండు అని అంకెలు తప్ప ఇంకేమీ లేవు. "మొదటిది పాతదే అయి ఉంటది..." అంది నవ్య. ఆ "అయి ఉంటది" దగ్గర ఆమె గొంతు ఆగిపోయింది. ఆమె ఆగినందుకు నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

"దాన్ని రద్దు చెయ్యి. స్విచ్చి తియ్యి. పాతది విప్పి నా చేతికియ్యి" అన్నాను. ఇచ్చింది. నేను దాన్ని చీర కొంగులో చుట్టుకుని వంటింట్లోకి నడిచి, బియ్యం డబ్బా మీద పెట్టి, తలుపు దగ్గరికేసి వచ్చాను. నవ్యకు నవ్వాలో వద్దో తెలియలేదు. "ఇంట్లో కోయగూడనిది ఏదీ కంటికి కనపడడం లేదు. ఇప్పుడు నొక్కు" అన్నాను. మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది, ఈసారి కింద ఒకటే వరస. నవ్య ధీమాగా నొక్కింది. కొత్త డిస్కు సిద్ధమైంది.

ఆ తర్వాత పాతదాన్ని తెచ్చి మళ్ళీ తగిలించాం. అది కనిపిస్తుందా లేదా అని ఇద్దరం తెర వైపే చూస్తూ కూర్చున్నాం. టిక్కు, టిక్కు. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. చాలాసేపటికి, తప్పదు కాబట్టి వచ్చానన్నట్టు, తెర మీదికి వచ్చింది. "ముందు పెద్దమ్మది కాపీ చేద్దాం అత్తమ్మా, మిగిలినవి ఎన్నున్నా తర్వాతనే" అని నవ్యే అంది. నేను నోరు తెరిచి చెప్పకముందే అర్థం చేసుకుంది. ఆ పిల్ల మంచితనం గురించి ఏమని చెప్పను!

మిగతావన్నీ కాపీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ ఖాళీలో కూర్చుని ఆలోచించాను. నగర్తపేట ఇంట్లో ఇప్పుడు లేసులు, ఎలాస్టిక్కులు హోల్‌సేల్‌గా అమ్మే దుకాణం ఉంది. మరమగ్గాలు వచ్చాక దండలను పెద్దమ్మే విప్పి నీళ్ళ పొయ్యిలో వేసింది. మేం అయ్యో అంటే, "తలకాయలో ఉండాది గదా, ఇంక అట్టలెందుకు?" అంది. అప్పుడు బొమ్మ కావాలంటే అట్టను కిటికీకి ఎదురుగా పడితే చాలు, బెజ్జాలు కంటికి కనిపించేవి. ఇప్పుడు ఈ రేకు డబ్బాలో ఏముందో ఏ కిటికీకి పట్టినా కనిపించదు, దాని మాట నమ్మాల్సిందే. అందులో తప్పేమీ లేదు. ఒక చీర అంచుకు గదినిండా అట్టలు కావలసిన చోట, ఇంటిల్లిపాది జీవితం అరచేతిలో పట్టడం చిన్న సంగతా? నాకు ముచ్చటగానే ఉంది. ఒక్కటే తేడా నన్ను గుచ్చింది. మా ఇంట్లో ప్రశ్న అడిగినవాళ్ళు బదులు కోసం ఆగేవాళ్ళు. ఈ యంత్రం ప్రశ్న అడుగుతుంది, బదులు కూడా తనే టిక్కు పెట్టి ఉంచుతుంది. తొందరలో ఉన్నవాళ్ళు ఊఁ అనేస్తారు. పెద్దమ్మ లాంటి మనిషి పక్కన లేకపోతే ఏం కోసేశామో కోశాక గానీ తెలియదు.

అంతా అయ్యాక నవ్య పాత డిస్కును మళ్ళీ విప్పి, నేను చెప్పకుండానే దాన్ని పట్టుకుని వంటింటి వైపు వెళ్ళింది. నేను కొత్త డిస్కులోంచి పెద్దమ్మ గొంతు పెట్టాను. "రెండు వేయి" అంది పెద్దమ్మ, లవంగం బుగ్గన ఉన్నట్టే. "వేసినా" అని నా గొంతు. "మూడు విడువు." "విడిచినా." పక్కింటి కుక్కర్ కూత, ఎవరిదో స్కూటర్, వాటి మధ్య ఆమె తడబడకుండా మామిడిపిందెను వరస తర్వాత వరస చెప్పుకుపోతోంది. చేతిలో కాగితం లేదు, ఎదురుగా మగ్గం లేదు. ఏడుస్తూనే నవ్వుకున్నాను. చివరికి వచ్చేసరికి "నాలుగు వేయి" అంది, నా బదులు లేదు. అప్పుడు గుర్తొచ్చింది, పాలు పొంగుతున్నాయని నేను లేచి వెళ్ళాను. వచ్చి ఫోను ఆపేశాను, ఆ మధ్యలో ఏముందో ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు విన్నాను. పెద్దమ్మ నా కోసం ఆగింది. తర్వాత, నేను ఇంకా లంగా కట్టుకుని ఆ చాప పక్కన తిరుగుతున్నట్టే, లోపలికి కేక వేసింది.

"పాపా, యాడికి పోయినావే? లోపల పెట్టొచ్చినావా?"

బదులు చెబుదామని వంటింటి వైపు తిరిగాను. వంటింటి తలుపు దగ్గరికేసి అప్పుడే ఇవతలికి వస్తున్న నవ్య గుమ్మంలోనే ఆగింది. నా మొహం చూసింది, కంప్యూటర్ వైపు చూసింది.

"పెట్టొచ్చిన పెద్దమ్మా" అంది.